నాలుగో ఆబ్సెంటు

పోయిన వారం ఉన్‌సుల్‌ని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? భాషాశాఖ భవనం మూడో అంతస్తు మెట్ల మీద. చేతిలో ఒక ఫారం, కడుపులో ఒక కుంపటి. పాపం, ఇంకా అక్కడే కూచుని ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. తాక్ ఉన్‌సుల్, ఓక్ దామి. ఇద్దరూ రెండో సంవత్సరం. జింజు ఊళ్ళో ఒకే అద్దెగది, చలికి కింద నుంచి కాచే ఒకే వెచ్చటి నేల, పక్కపక్కనే పరుపులు. ఉన్‌సుల్ ప్రవేశపరీక్ష రెండోసారి రాసి గట్టెక్కింది కనక ఏడాది పెద్ద. అందుకే దామి దాన్ని నోరారా 'అక్కా' అంటుంది. ఇద్దరికీ పంతులమ్మ కావాలనే కోరిక. ఆ శిక్షణకి వాళ్ళ శాఖ నుంచి రెండో ఏడాది మార్కులు చూసి ఒక్కరిని తీసుకుంటారు, ఒక్కరినే. ఒక ఒరలో రెండు కత్తులు ఎన్నాళ్ళు ఇముడుతాయి చెప్పండి?

ఆ మార్కులన్నీ తేలేది ప్యో జంగిమ్ మేడమ్ చెప్పే పాతభాషా వ్యాకరణంలో. ప్యో మేడమ్ సంగతి మీకు తెలుసు. మొదటిరోజే బల్ల మీద గడియారం విప్పి పెట్టి, తన పద్ధతులన్నీ చదివి వినిపించిన మనిషి. క్లాసుకి ఇరవై మందే. ఇరవై ఒకటోవాడు తలుపు దగ్గర నిలబడి మొత్తుకున్నా చేర్చుకోలేదు. మూడు ఆలస్యాలైతే ఒక ఆబ్సెంటు. నాలుగు ఆబ్సెంట్లైతే ఎఫ్, ఇక మాటల్లేవు. ఏ రోజు రాయాల్సింది ఆ రోజే రాయాలి. జబ్బు చేస్తే క్లాసుకి ముందే కబురు పెట్టాలి. "తర్వాత తెచ్చే డాక్టరు కాయితంతో గాలిపటం చేసుకోండి" అంది. నవ్వలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. క్లాసులో నూటికి ముప్పై మందికే ఎ గ్రేడు. ఇరవై మందిలో ఆరుగురికి. క్లాసు ఇరవైకి తగ్గితే ఆ ముప్పై కాస్తా ఇరవై ఐదవుతుంది, పందొమ్మిది మందికి నాలుగు పాయింటు ఏడు ఐదు వస్తుంది. ఆ పాయింటు తర్వాతది నేలపాలు, అంటే నలుగురికే. మనం ఎంత బాగా రాశామన్నది కాదు, పక్కవాడు ఎంత చెడగొట్టుకున్నాడన్నది లెక్క. అందుకే ఆ కాలేజీలో ఎలాగూ తప్పేవాళ్ళు సబ్జెక్టు వదిలెయ్యకుండా అడుగున పడి ఉంటే మిగతావాళ్ళకి పండగ. అలాంటివాళ్ళని 'చాప పరిచేవాళ్ళు' అంటారు. వాళ్ళు చాప పరిస్తే, ఇవతలివాళ్ళు కాళ్ళు బారజాపుకుని ఎక్కి కూచుంటారన్నమాట.

అక్టోబరు చివరి మంగళవారం ఉన్‌సుల్ ఒళ్ళు తెలీని జ్వరంతో పడుకుంది. క్లాసు పోయింది. అప్పటికే మూడున్నాయి. నాలుగోదీ అయిపోయింది కనక తన పని అయిపోయిందనుకుంది. ఆ సాయంత్రం దామి వచ్చి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, "ఏం కంగారు లేదక్కా, పడుకో" అంది. నీకేం కంగారు తల్లీ, ఉండేది నాకు, అనుకుంది ఉన్‌సుల్.

ఆ తర్వాతి వారం మేడమ్ అర్ధసంవత్సరపు పరీక్షలో దామి రాసిన జవాబు క్లాసులో పైకి చదివి, "ఇలా రాయాలి" అంది. ఆ జవాబులో ఉన్న ఉదాహరణ ఎవరిది? ఉన్‌సుల్‌ది! వంటింట్లో ముల్లంగి తరుగుతూ, వాడకంలోంచి పోయిన పాత అక్షరాలు పోతూ పోతూ పక్క అక్షరాల్లో ఏం వదిలిపోయాయో తనే దామికి అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. తన నోట్సు చదివి, తన కోటు తొడుక్కుని, తన ముందు కూచుని, ఏకులా వచ్చి మేకై కూచుంది. ఆ రాత్రే ఫోన్లో వాళ్ళిద్దరి చాట్‌లోంచి ఉన్‌సుల్ బయటికొచ్చేసింది. రెండేళ్ళ కబుర్లు ఒక్క నొక్కుతో తుడిచిపెట్టుకుపోయాయి. పోతే పోయాయి, కళ్ళకి చల్లగా ఉంది అనుకుంది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా అన్నం వండావా, స్నానం అయిందా అన్న మాటలే.

ఇక ఈ రోజు, నవంబరు రెండో శుక్రవారం. సబ్జెక్టు వదులుకోవడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటిదాకా టైముంది. ఫారం మీద మేడమ్ ముద్ర వేయించుకుని కింద ఆఫీసులో ఇస్తే ఉన్‌సుల్‌కి ఎఫ్ తప్పుతుంది. దాంతోపాటు క్లాసు పందొమ్మిదికి దిగుతుంది, ఎ గ్రేడ్లు నాలుగవుతాయి. ఆరో స్థానంలోంచి ఒక మెట్టు జరిగి, సరిగ్గా ఐదో స్థానంలో ఆగిపోయేది ఎవరు? దామి!

ఫారం నింపుతుంటే ఉన్‌సుల్‌కి ఏది ఎక్కువ తీపిగా అనిపించిందో నన్నడక్కండి.

"అక్కా!"

దామి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. చేతిలో కాగితం పొట్లంలో కాల్చిన చిలగడదుంపలు, పొగలు కక్కుతూ.

"నువ్వు ఫారం తీసుకున్నావని ఆఫీసులో చెప్పారు. నిజంగానే వదిలేస్తావా?"

"నీకెందుకు?"

"నాకెందుకేంటక్కా! పందొమ్మిదైతే ఎ గ్రేడ్లు నాలుగే. నువ్వు పోయినా నేను ఐదోదాన్ని."

"లెక్క బాగానే వేసుకున్నావే."

"నేనేం వేశాను, నోటీసుబోర్డు వేసింది." దామి పక్కన కూలబడి, ఒక దుంప విరిచి పెద్ద ముక్క ఇవ్వబోయింది. ఉన్‌సుల్ చెయ్యి చాపలేదు. "నీ కాళ్ళు పట్టుకుంటా, ఉండిపో అక్కా. ఉంటే నీకేం పోతుంది చెప్పు?"

ఉన్‌సుల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. నీకేం పోతుందట! ఎఫ్ నెత్తిన పెట్టుకుని ఊరేగమంటోంది, అదీ ఎంత ముద్దుగా!

"ఏం పోతుందా? చాప పరిచి పెడితే ఎక్కి కూచుందామనుకున్నావా? నోట్సు ఇచ్చాను, కోటు ఇచ్చాను. ఇప్పుడు నా వీపు కూడా కావాలా నీకు?"

"చాపేంటక్కా? నువ్వు చాప పరిచేదానివా?" దామి నిజంగానే బిత్తరపోయింది. "నువ్వు మూడోదానివి. నా పైన ఉన్నావు. ఇద్దరం ఉందాం, ఇద్దరికీ ఎ వస్తుంది అంటున్నా."

"వెక్కిరిస్తున్నావా?"

"నేనెందుకు వెక్కిరిస్తాను? ఆ రోజు సంగతి నీకు..." దామి అంటూనే ఆగిపోయింది. పైనుంచి ఇద్దరు సీనియర్లు దిగుతున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా పెదవి కొరుక్కుని కూచుంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు సంగతి ఇక్కడొద్దక్కా. గోడలకి చెవులుంటాయి. గదికెళ్ళాక మాట్లాడుకుందాం. ఫారం మాత్రం ఇవ్వకు" అంది.

ఆ రోజంటే ఏ రోజు? ఉన్‌సుల్‌కి ఒక్క రోజే తెలుసు. ఆ జవాబు పైకి చదివిన రోజు. మేడమ్ "శభాష్" అంటే ఈ మహాతల్లి తలొంచుకుని, చెవులు ఎర్రబడి, పెళ్ళికూతురిలా కూచున్న రోజు. ఆ రోజు సంగతి మళ్ళీ గదికెళ్ళి మాట్లాడుకోవాలా!

"నీ దుంపలు నువ్వే తిను" అని లేచింది.

ప్యో మేడమ్ గది తలుపు తీసే ఉంది. మేడమ్ కిటికీ దగ్గర కూచుని పొట్టి కత్తితో టమాటాలా ఎర్రగా పండిన ఒక సీమతుమికి పండు, ఈ రోజుల్లో ఆ ఊళ్ళో ఎక్కడ చూసినా కనిపించే తియ్యటి పండు, చెక్కు తీస్తోంది. చెక్కు తెగకుండా ఒకే తీగలా దిగుతోంది. ఉన్‌సుల్ వంగి దండం పెట్టి ఫారం రెండు చేతులతో అందించింది. మేడమ్ కళ్ళద్దాలు ముక్కు మీదికి దింపి, పేరు చదివి, నంబరు చదివి, 'కారణం' అన్నచోట ఆగింది.

"నాలుగు ఆబ్సెంట్లు అయినందున" అని పైకి చదివింది. "నాలుగా?"

"అవును మేడమ్."

"నాకు తెలీకుండా ఎప్పుడయ్యాయి నాలుగు?"

మేడమ్ చెయ్యి తుడుచుకుని హాజరు పట్టీ తీసింది. వేలు పెట్టి వరస చూసుకుంటూ పోయింది. "పండగకి ఊరెళ్ళి బస్సు దొరకలేదన్నావు, ఒకటి. ఏట్లో దీపాలు వదిలే పండగ వారంలో ఇంకోటి. మూడు ఆలస్యాలు కలిపితే మరోటి. మొత్తం మూడు. నాలుగోది ఏది?"

"అక్టోబరు చివరి మంగళవారం మేడమ్. జ్వరం వచ్చి..."

మాట పూర్తి కాకుండానే మేడమ్ పట్టీ ఇటు తిప్పి చూపించింది. ఆ మంగళవారం గడిలో నల్ల సిరాతో హాజరు గీత ఉంది. దాని పక్కనే పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క.

"ఆ రోజు ఇరవై పేర్లు పిలిచాను. పేరు పిలిస్తే వచ్చామని పలికే 'నే'లు ఇరవై వినబడ్డాయి. తలొంచుకుని పేర్లు పిలవడం నాకు చెడ్డ అలవాటు, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. క్లాసు అయ్యాక రాతకాయితాలు లెక్కపెడితే పందొమ్మిది. అప్పుడే చుక్క పెట్టుకున్నాను. వాళ్ళంతట వాళ్ళు వచ్చి చెబుతారేమోనని చూస్తున్నా. ఇన్నాళ్ళకి నువ్వొచ్చావు, అదీ కాయితం మీద రాసుకుని!"

మేడమ్ కోపంగా లేదు. అదే ఎక్కువ భయం.

'ఏం కంగారు లేదక్కా, పడుకో.' ఇదా దాని అర్థం! దామి తన పేరుకి 'నే' అని ప్రాక్సీ పలికింది. తనకి ఉన్నవి మూడే. తను తప్పలేదు. క్లాసులో మూడో స్థానంలో ఉన్న తను రెండు వారాలుగా ఎఫ్ వచ్చిందని ఏడుస్తూ, పక్క పరుపు మీద పడుకున్నదాన్ని తిట్టుకుంటూ బతికింది. ఉన్‌సుల్‌కి ముందు సంతోషం వేసింది. వెంటనే, అవును, వెంటనే, ఇంకోటి వేసింది. చెప్పలేదేం? రెండు వారాలు నేను కుళ్ళి చస్తుంటే పక్కనే పడుకుని, ఒక్క ముక్క చెప్పలేదేం? నేను తప్పాననుకుని చదవడం మానేస్తే ఎవరికి లాభం? ఓర్వలేని మనసుకి సాక్ష్యం ఎప్పుడూ తక్కువ పడదు. నీళ్ళలో కూడా నిప్పు దొరుకుతుంది.

"నా పద్ధతి నీకు తెలుసు" అంది మేడమ్. "ప్రాక్సీ పలికితే పలికినవాళ్ళకీ, పలకమన్నవాళ్ళకీ ఇద్దరికీ ఎఫ్. రానివాళ్ళకి తెలీకుండా ఎవరో పలికితే, పలికినవాళ్ళకి ఒక్కరికే. ఈ ఫారంలో నువ్వు లెక్క తప్పు రాశావనుకో, ఆ రోజు వచ్చి, కాయితం ఇవ్వడం మర్చిపోయావనుకో, అదీ చెప్పు. చుక్క చెరిపేస్తాను, ఫారం చించేద్దాం. నేను పోలీసుని కాను. నువ్వు చెప్పిందే రాసుకుంటాను."

మేడమ్ మళ్ళీ కత్తి పట్టుకుంది.

వచ్చానని ఒక్క అబద్ధం ఆడితే ఫారం చించేస్తారు. తనకి ఎ, దామికీ ఎ. అప్పుడు మిగతా సబ్జెక్టుల లెక్క చూస్తారు. అక్కడ దామి ఒక మెట్టు పైన ఉంది. అంటే సీటు దామిది. రాలేదని నిజం చెబితే తనకి నాలుగు ఆబ్సెంట్లు ఖాయం, ఫారం మీద ముద్ర పడుతుంది, సీటు ఆశ పోతుంది. దామికి ఎఫ్. దామి ఆశా పోతుంది. తనకి దక్కనిది దానికీ దక్కదు.

నిజాన్ని ఇలా ఎదురుగా పెట్టుకుని నోరూరించుకోవడం ఉన్‌సుల్‌కి అదే మొదటిసారి. సిగ్గేసింది. నిజంగానే వేసింది, ఆ పిల్ల అంత చెడ్డదేం కాదు. తడిగుడ్డ చల్లదనం నుదుటి మీద గుర్తొచ్చింది. వచ్చానని చెప్పేద్దాం, చించెయ్యమందాం అనుకుంది. నోరు తెరవబోయింది.

"తెమలవేంటి? ఆ రోజు రాలేదు, అంతేనా, తాక్ ఉన్‌సుల్?"

"నే!"

పేరు చెవిన పడగానే నోట్లోంచి ఊడిపడింది. పన్నెండేళ్ళు బళ్ళో, రెండేళ్ళు కాలేజీలో, పొద్దున్నే పేరు పిలిస్తే పలికే మాట. ఉన్నాను, వచ్చాను అనడానికి అదే మాట. మీరన్నది నిజమే అనడానికీ అదే మాట. వచ్చాననబోయి, రాలేదని ఒప్పుకుంది.

మేడమ్ తల పంకించింది. "ఊఁ. రాలేదు."

ఇక్కడే ఒక క్షణం ఉంది చూశారూ, అది ఉన్‌సుల్‌దే. కాదు మేడమ్, నేనన్నది అది కాదు అనడానికి చాలినంత క్షణం. పండు చెక్కు ఇంకో చుట్టు దిగేంత క్షణం. నోరు జారిందని ఆ రాత్రికి తనకి తను చెప్పుకోవచ్చు. కానీ నోరు జారినవాళ్ళు దిద్దుకుంటారు. ఉన్‌సుల్ దిద్దుకోలేదు.

"నీ పక్కన కూచునేది ఓక్ దామి. తను పలికినట్టు నీకు తెలుసా?"

"తెలీదు మేడమ్. ఇప్పుడే తెలిసింది."

ఇందులో అబద్ధం ఎక్కడుంది? తనకి తెలిసినంతలో నిఖార్సైన నిజం. మరి నిజం చెప్పినందుకు గుండెల్లో ఆ తీపి ఎందుకు పుట్టాలో, ఆ తీపి గొంతు దాటకుండానే ఎందుకు చేదెక్కాలో దానికే తెలియాలి.

మేడమ్ ఫారం మీద ముద్ర వెయ్యలేదు. చేతికి తిరిగి ఇచ్చేసింది. "నువ్వు బయట ఉండు. దామి ఉంటే లోపలికి పంపు. తనతో మాట్లాడాక నీ ముద్ర సంగతి చూద్దాం."

దామి వరండాలో బల్ల మీద కూచుని ఉంది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, చల్లారకుండా వేసుకున్న కోటు అంచు కప్పింది. అవును, ఉన్‌సుల్ కోటే. తలుపు చప్పుడుకి గభాల్న లేచింది.

"ముద్ర వేయించేశావా? చూడనీ!" ఫారం లాక్కుని చూసింది. ముద్ర పడాల్సిన చోటు ఖాళీ. దామి ముఖం చాటంత అయింది. "వేయించలేదు! నాకు తెలుసు, మా అక్క బంగారం. ఉత్తుత్తికే అలిగింది."

"మేడమ్ పిలుస్తోంది."

"నన్నా? ఎందుకు?"

"ఏమో."

దామి జుట్టు సర్దుకుని, పొట్లం ఉన్‌సుల్ చేతిలో పెట్టి, "పెద్దది నీకే, తిను" అని లోపలికి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు. ఉన్‌సుల్ గోడకి ఆనుకుంది. వినకుండా ఉండాలంటే నాలుగడుగులు అవతలికి వెళితే చాలు. వెళ్ళలేదు.

మేడమ్ గొంతు సన్నగా, తీరికగా వినిపించింది. ఆ మంగళవారం, ఆ చుక్క, పందొమ్మిది కాయితాలు. దామి ఎక్కడా బుకాయించలేదు.

"నేనే పలికాను మేడమ్."

"ఆ సంగతి ఉన్‌సుల్‌కి తెలీదంది."

లోపల కిటికీ అద్దం గాలికి ఒకసారి టపటపలాడింది.

"తెలీదందా?" దామి గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "అక్కే అందా, మేడమ్? తన నోటితోనే?"

"తన నోటితోనే. నువ్వు చెప్పుకునేది ఏమన్నా ఉందా?"

ఉన్‌సుల్ చేతిలో పొట్లం నలిగి, వేడి దుంప అరచేతికి చుర్రుమంటున్నా వదల్లేదు.

"లేదు మేడమ్" అంది దామి చివరికి. "అక్క ఎలా చెప్పిందో అలాగే రాసుకోండి."

తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఏడవడం లేదు. ఏడిస్తే బావుండేది. ఉన్‌సుల్ ఎదురుగా నిలబడి, కోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, ఏదో వెతుక్కుంటూ పైకి, ఇంకా పైకి జరుపుకుంటూ పోయింది. దొరికింది.

"నువ్వు చాట్‌లోంచి వెళ్ళిపోయావుగా, నీ దగ్గర ఉండదు" అని ఫోన్ ఉన్‌సుల్ చేతిలో పెట్టింది. "మేడమ్‌కి చూపిస్తే నీకూ ఎఫ్ పడుతుంది. అందుకే చూపించలేదు. నీకు గుర్తుందనే అనుకున్నా ఇన్నాళ్ళూ. అందుకే ఉండిపొమ్మని అడిగా."

అంతే. ఇంకో మాట లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక్కో మెట్టే దిగుతోంది ఈసారి.

ఉన్‌సుల్ ఫోన్ వైపు చూసింది. అక్టోబరు చివరి మంగళవారం, పొద్దున్న ఎనిమిదీ నలభై. పేరు తనదే. అక్షరాలు తడబడుతూ, తప్పులతో ఉన్నాయి, కాలిపోతున్న వేళ్ళతో కొట్టినట్టు.

'దామీ లేవలేకపోతున్నా. ఇదొక్కటి పోతే నా పని అయిపోతుందే. నా పేరు పిలిస్తే నువ్వు పలుకు. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను.'

దాని కింద దామి జవాబు ఒకే ఒక్క ముక్క. 'సరే అక్కా.'

లోపల కుర్చీ జరిగింది. ముద్ర పెట్టె మూత తీసిన చప్పుడు.

"తాక్ ఉన్‌సుల్! ఫారం ఇస్తావా, ఇవ్వవా? ఐదుకి ఇంకా తొమ్మిది నిమిషాలే ఉన్నాయి. ఆ తర్వాత నువ్వొచ్చి ఏం చెప్పినా నేను వినను."